గేము ఏ కొట్లో కొనాలి? కొత్తగా పీసీ కొన్నవాళ్లకు

నెల్లూరు సుబేదారుపేటలో నాది కంప్యూటర్లు బిగించి అమ్మే చిన్న కొట్టు. బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు, ఇందుకూరుపేట వైపు నుంచి ఇంటర్ పూర్తయిన పిల్లలు తండ్రిని వెంటబెట్టుకుని వస్తుంటారు. పీసీ చదువు కోసమేనని తండ్రి నమ్మకం. గ్రాఫిక్స్ కార్డు పేరు మాత్రం పిల్లవాడు అక్షరం పొల్లు పోకుండా చెబుతాడు. డబ్బు కట్టి పెట్టె ఆటోలోకి ఎక్కించేలోపు నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, గేములు స్టీమ్‌లో కొనాలా, ఎపిక్‌లోనా?"

ఈ రెండూ ఇంటర్నెట్‌లో పీసీ గేములు అమ్మే కొట్లు. "గేమును బట్టి" అంటే వాడికి రుచించదు. ఏదో ఒక పక్షం పేరు చెప్పాలని వాడి ఆశ. నేను ఏ పక్షమూ కాదు. నా గేముల్లో ఎక్కువ భాగం స్టీమ్‌లోనే ఉన్నాయి, దానికి కారణాలున్నాయి. కానీ ఈ కొట్లు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నందుకు మనకేమైనా దక్కాలంటే, రేపు ఇంకో కొట్టుకు వెళ్లే వీలు మన చేతిలో ఉండాలి. ఆ వీలు పోగొట్టుకోకుండా కొనడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎవరు ఎవరితో పోటీ

స్టీమ్ అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థది. 2003లో వచ్చింది. మొదట్లో అది కొట్టు కాదు, వాల్వ్ తన సొంత గేములకు అప్‌డేట్లు పంపడానికి పెట్టుకున్న ఏర్పాటు. 2004లో తన హాఫ్‌లైఫ్ 2 గేము డిస్కు కొన్నవాళ్లు కూడా స్టీమ్ ఎక్కించుకుంటేనే గేము తెరుచుకుంటుందని షరతు పెడితే ఆటగాళ్లు మండిపడ్డారు. డబ్బిచ్చి డిస్కు కొన్నాక మళ్లీ ఇంటర్నెట్ అనుమతి ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఇవాళ అదే స్టీమ్‌లో లేని గేము వైపు కన్నెత్తి చూడనివాళ్లు లక్షల్లో ఉన్నారు.

ఎపిక్ గేమ్స్ స్టోర్ 2018 డిసెంబరులో మొదలైంది. ఎపిక్ సొంత గేము ఫోర్ట్‌నైట్ తెచ్చిపెట్టిన డబ్బు దాని వెనక ఉంది. గేము తయారీదారు రాబడిలో స్టీమ్ మామూలుగా నూటికి 30 కోసుకుంటుంటే ఎపిక్ 12 చాలంది. సరిగ్గా ఆ ముందు వారంలోనే వాల్వ్ కూడా కొంత దిగి వచ్చింది: ఒక గేము రాబడి కోటి డాలర్లు దాటితే ఆపై దాని మీద కోత 25, ఐదు కోట్లు దాటితే 20. పోటీ అంటే ఏమిటో దీన్ని చూసి తెలుసుకోవచ్చు. కాకపోతే ఆ లాభం చిన్న తయారీదారులకు కాక పెద్ద కంపెనీలకే అందింది.

ఆటగాళ్లకు ఎపిక్ మీద కోపం మొదలైంది కోత గురించి కాదు, ప్రత్యేక హక్కుల గురించి. మెట్రో ఎక్సోడస్ అనే గేము 2019 ఫిబ్రవరిలో రావాలి. విడుదలకు మూడు వారాలైనా లేని సమయంలో, ఇక ఏడాది పాటు ఎపిక్‌లో మాత్రమే అమ్ముతామన్నారు. స్టీమ్‌లో ఉన్న పాత మెట్రో గేముల కింద జనం కోపంతో చెడ్డ సమీక్షలు కుప్ప పోశారు. అదే గేము ధరను అమెరికాలో 60 డాలర్ల నుంచి 50కి తగ్గించిన సంగతి మాత్రం ఆ గోలలో కొట్టుకుపోయింది. ఏడాది తిరగ్గానే అది స్టీమ్‌కు వచ్చేసింది. ఆగగలిగినవాళ్లకు ఏ నష్టమూ లేదు. అందుకే ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడల్లా నా కొట్టుకు వచ్చి ఆవేశపడే పిల్లలతో ఒకటే అంటాను: నీ దగ్గర ఆడకుండా పడి ఉన్న గేములు ముందు ఆడు, ఈలోపు అది చౌకగా నీ దగ్గరికే వస్తుంది.

మూడోది జీఓజీ. 2008లో పోలండ్‌లో పాత గేములు అమ్మే కొట్టుగా మొదలైంది. దాని ప్రత్యేకత వేరు, కింద చెబుతాను. ఈఏ, యూబీసాఫ్ట్ లాంటి గేము కంపెనీలు సొంత కొట్లు పెట్టుకుని స్టీమ్‌ను వదిలిపోయి, 2019లో ఒకటి, 2022 చివర్లో ఇంకొకటి తిరిగొచ్చాయి. జనం రాని చోట కొట్టు తెరిచి కూర్చోవడం ఎంత కష్టమో వాటికి తెలిసొచ్చింది.

ధర చూసే పద్ధతి

స్టీమ్ 2015 నుంచి మనకు రూపాయల్లోనే ధర చూపిస్తోంది. రూపాయల్లో ధర ఉన్నంత మాత్రాన మన దేశానికి తగ్గట్టు తగ్గించారని కాదు. ఆ అంకె వేసేది గేము కంపెనీ. ఒక కంపెనీ మన ఆదాయాలు చూసి ధర బాగా తగ్గిస్తుంది, ఇంకొకటి డాలరు ధరను రూపాయల్లోకి మార్చి అలాగే అంటిస్తుంది. కాబట్టి స్టీమ్‌లో చవక, ఎపిక్‌లో ఖరీదు అనే మాటకు అర్థం లేదు. గేము గేముకూ వేరుగా చూడాల్సిందే.

చూడటం కష్టమేమీ కాదు. ఈజ్ దేర్ ఎనీ డీల్ అనే సైటులో గేము పేరు కొట్టి దేశం ఇండియా అని పెట్టుకుంటే అన్ని కొట్ల ధరలూ ఒక్కచోట కనిపిస్తాయి. స్టీమ్‌డీబీ అనే ఇంకో సైటులో ఆ గేము ఇంతవరకు ఎంత తక్కువకు అమ్ముడుపోయిందో గ్రాఫు ఉంటుంది. సగం ధర అని ఎర్ర అక్షరాలు చూసి పరుగెత్తకండి. ముందు ఆ గ్రాఫు చూడండి. పోయిన వేసవిలో ఇంతకంటే తక్కువకు ఇచ్చి ఉంటే, వచ్చే వేసవిలోనూ ఇస్తారు. స్టీమ్ పెద్ద సేళ్లు జూన్ చివర్లో ఒకటి, డిసెంబరు చివర్లో ఒకటి వస్తాయి. విష్‌లిస్టులో పెట్టుకుంటే ధర తగ్గగానే ఈమెయిలు అదే వస్తుంది.

ఎపిక్ కోత అంత తక్కువైనప్పుడు అక్కడ గేములు చవగ్గా ఎందుకు ఉండవని కావలి నుంచి వచ్చే ఒక డిగ్రీ కుర్రాడు నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్న. మిగిలిన డబ్బును చాలా కంపెనీలు తమ జేబులోనే వేసుకుంటున్నాయన్నది ఒక జవాబు. ఇంకో జవాబు కోర్టులో ఉంది: వేరే కొట్లలో తక్కువకు అమ్మకుండా వాల్వ్ తయారీదారుల చేతులు కట్టేస్తోందని వుల్ఫైర్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2021లో అమెరికాలో దావా వేసింది. 2024లో కోర్టు దాన్ని తయారీదారులందరి తరఫు దావాగా అనుమతించింది. అది తేలేలోపు, 30 గొప్పా 12 గొప్పా అని మనం కొట్టుకోవడం దండగ. ఆ వాటాల గొడవ మన బిల్లులో కనిపించదు.

డాలర్లలో కట్టాల్సి వస్తే ఒక చిక్కు ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 నుంచి కొత్త కార్డుల మీద విదేశీ చెల్లింపులు మనం అడిగితేనే తెరుస్తారు. బ్యాంకు యాప్‌లో ఆ మీట నొక్కి, పరిమితి పెట్టి, పని అయ్యాక మళ్లీ మూసేయండి. విదేశీ మారకం రుసుము కూడా పడుతుంది, దాన్ని కలుపుకుని పోల్చండి. స్టీమ్‌లో యూపీఐ పనిచేస్తుంది కాబట్టి ఈ బాధ లేదు. మా దగ్గర పిల్లలు స్టీమ్ వైపు మొగ్గడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. తక్కిన సగం స్నేహితులంతా అక్కడే ఉండటం.

చవక ధరల కోసం వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సాధనం) పెట్టి ఖాతాను వేరే దేశానికి మార్చుకునే తెలివితేటలు వద్దు. అది నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే ఖాతా మీద ఆంక్షలు పడతాయి.

వెనక్కిచ్చే హక్కును వాడుకోండి

ఈ సంగతి తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ, అందుకే వివరంగా రాస్తున్నాను. స్టీమ్‌లో 2015 జూన్ నుంచి ఒక నియమం ఉంది: కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకపోతే, కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. ఎపిక్ కూడా దాదాపు ఇదే లెక్క పెట్టింది. జీఓజీ 2020 నుంచి ఇంకా ఉదారం: 30 రోజులు, ఆడి ఉన్నా సరే.

నా దగ్గర పీసీలు కొనేవాళ్లలో ఎక్కువమందివి జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 3050 స్థాయి కార్డులు. కొత్త గేము ఒకటి వాటి మీద ఆడుతుందో లేదో యూట్యూబ్ వీడియో పూర్తిగా చెప్పదు, ఎందుకంటే ఆ వీడియో తీసిన గది మీ గది కాదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి, ఏసీ లేని గదిలో, అదే కార్డు వేరేలా ప్రవర్తిస్తుంది. అందుకని ఆ రెండు గంటలను పరీక్షగా వాడాలి.

డౌన్‌లోడ్ సమయం లెక్కలోకి రాదు. కానీ గేము తెరిచాక మొదటిసారి షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకుంటూ పది, పదిహేను నిమిషాలు కూర్చుంటే అది లెక్కలోకి వస్తుంది. గేముకు సొంత లాంచర్ (గేము కంటే ముందు తెరుచుకునే ప్రోగ్రామ్) ఉంటే, అది తెరిచి మీరు భోజనానికి వెళ్లినా గడియారం నడుస్తూనే ఉంటుంది. కాబట్టి తీరిగ్గా ఉన్నప్పుడే తెరవండి. తెరిచిన వెంటనే కథ చూస్తూ కూర్చోకుండా సెట్టింగుల్లోకి వెళ్లండి. రిజల్యూషన్ 1080, గ్రాఫిక్స్ మధ్యస్థం పెట్టి, స్టీమ్ సెట్టింగుల్లో సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తున్నాయో చూపించే మీట ఆన్ చేయండి. అంకె తెర మూలన కనిపిస్తుంది. గేములోని ఖాళీ గదిలో నిలబడి 70 వస్తోందని సంబరపడవద్దు. జనం తిరిగే ఊరి బజారుకో, మొదటి పోరాటానికో వెళ్లి, అక్కడ అది ఎంతకు పడుతోందో చూడాలి. మధ్యలో ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి ర్యామ్ ఎంత నిండిందో, కార్డు వేడి ఎంతుందో గమనించండి. ర్యామ్ పూర్తిగా నిండి గేము తడబడుతుంటే తప్పు కార్డుది కాకపోవచ్చు. ఇంకో 8 జీబీ వేయిస్తే సరిపోతుంది. (నా వ్యాపారం కోసం చెప్పడం లేదు. ఎక్కడైనా వేయించుకోండి.)

గంటన్నర దాటకముందే తేల్చుకోండి. వద్దనుకుంటే స్టీమ్‌లో హెల్ప్ తెరిచి, ఇటీవల కొన్నవాటిలో ఆ గేము నొక్కి, రీఫండ్ కావాలని ఎంచుకుని, కారణం ఒక ముక్క రాస్తే చాలు. డబ్బు స్టీమ్ వాలెట్లోకి కావాలో, కట్టిన దారినే వెనక్కి రావాలో అడుగుతుంది. బ్యాంకుకు అయితే వారం దాకా పట్టవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీరు పూర్తి ధరకు కొన్న మర్నాడే సేల్ మొదలైందనుకోండి. రీఫండ్ తీసుకుని సేల్ ధరకు మళ్లీ కొనుక్కోవచ్చు. దాన్ని దుర్వినియోగంగా చూడబోమని వాల్వ్ తన నిబంధనల్లోనే రాసింది. వారానికి నాలుగు గేములు ఉచితంగా రుచి చూసి వెనక్కిచ్చే అలవాటును మాత్రం ఉపేక్షించదు.

స్టీమ్‌లో నేను ఎక్కువగా కొనడానికి కారణం ఈ రీఫండ్, దాంతో పాటు సమీక్షలు. సమీక్షల్లో మొత్తం శాతం కాదు, ఇటీవలివి చూడండి. రాసినవాళ్లు ఎన్ని గంటలు ఆడారో పక్కనే ఉంటుంది. పది నిమిషాలు ఆడి తిట్టినవాళ్ల మాట నేను పట్టించుకోను. అయితే కుప్పగా పడే చెడ్డ సమీక్షలన్నీ వట్టి అల్లరి కాదు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆడాలంటే ప్లేస్టేషన్ ఖాతా కలపాల్సిందేనని సోనీ అంటే, ఆ ఖాతా అందుబాటులోనే లేని దేశాల్లో కొన్నవాళ్లకు దారి మూసుకుపోయింది. ఆటగాళ్లు సమీక్షలతో విరుచుకుపడ్డారు. కొద్ది రోజుల్లోనే సోనీ ఆ షరతు వెనక్కి తీసుకుంది.

గురువారం రాత్రి పని

ఎపిక్ ప్రతి గురువారం కనీసం ఒక గేము ఉచితంగా ఇస్తుంది. మన గడియారం ప్రకారం వేసవిలో రాత్రి ఎనిమిదిన్నరకు, చలికాలంలో తొమ్మిదిన్నరకు మారుతుంది. అప్పుడే డౌన్‌లోడ్ చేయనవసరం లేదు. ఫోను బ్రౌజర్లో ఖాతా తెరిచి తీసుకుంటే మీ లైబ్రరీలో చేరిపోతుంది, పీసీ ఆర్నెల్ల తర్వాత కొన్నా అక్కడే ఉంటుంది. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, జీటీఏ 5 ఇలాగే ఉచితంగా ఇచ్చినప్పుడు జనం తాకిడికి ఆ కొట్టు కొన్ని గంటలు తెరుచుకోలేదు. ఉచితంగా తీసుకున్నందుకు ఎపిక్‌కు రుణపడి ఉండాల్సిన పని లేదు. అక్కడ ఉచితమైనవి తీసుకుని కొనేవి స్టీమ్‌లో కొనేవాళ్లను వెక్కిరించడం చూస్తుంటాను. మనల్ని ఆకర్షించడానికి వాళ్లు పెట్టే ఖర్చు అది, తీసుకోండి. డిసెంబరు చివర్లో రోజుకొకటి చొప్పున ఇస్తారు, మరిచిపోకండి.

కొన్నది మీదేనా

ఈ కొట్లలో మనం కొనేది గేము కాదు, ఆడుకునే అనుమతి. చెరువును కౌలుకు తీసుకుని రొయ్యలు వేసుకున్నట్టే. మేత, మందు, కష్టం మనవే అయినా గట్టు మనది కాదు. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ద క్రూ అనే కార్ల గేము సర్వర్లు మూసేసింది. తర్వాత కొన్నవాళ్ల ఖాతాల నుంచి అనుమతులనూ తీసేసింది. ఒంటరిగా ఆడుకోవడానికి కూడా మిగల్లేదు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, అనుమతి మాత్రమే అమ్ముతున్నప్పుడు ఆ మాట కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. ఆ చట్టం రాబోతుండగానే స్టీమ్ తన బుట్ట కింద ఆ వాక్యం చేర్చింది.

జీఓజీ ప్రత్యేకత ఇక్కడే. గేము ఇన్‌స్టాలర్ ఫైలును దించుకుని హార్డ్ డిస్కులో దాచుకోవచ్చు, తర్వాత దానికి ఖాతాతో, ఇంటర్నెట్‌తో పని లేదు. 2021 నవంబరులో పెన్నా వరదలొచ్చినప్పుడు మా వీధిలో ఇంటర్నెట్ పోయి, కరెంటు మాత్రం వస్తూ పోతూ ఉండేది. పక్కింటి పిల్లలు స్టీమ్ తెరిస్తే లాగిన్ అడిగి కూర్చుంది. నా డిస్కులోని పాత జీఓజీ గేములే వాళ్లకు కాలక్షేపమయ్యాయి. స్టీమ్‌కూ ఆఫ్‌లైన్ పద్ధతి ఉంది. కానీ ఇంటర్నెట్ ఉన్నప్పుడే ఒకసారి గేము తెరిచి, అప్‌డేట్లు పూర్తి చేసి, లాగిన్ గుర్తుంచుకోమని పెట్టి ఉంచాలి.

కాబట్టి నా లెక్క ఇది. ఒంటరిగా ఆడే, పదేళ్ల తర్వాతా ఆడాలనిపించే గేము జీఓజీలో ఉంటే, వంద రూపాయలు ఎక్కువైనా అక్కడే కొంటాను. నలుగురితో ఆడేది స్నేహితులున్న చోట. ఎప్పుడూ సర్వరు మీద ఆధారపడే గేముకు పెద్ద మొత్తం పెట్టను. ఏది ఏ రకమో స్టీమ్ పేజీలో కుడివైపు చూస్తే తెలుస్తుంది: వేరే కంపెనీ ఖాతా తప్పనిసరి అని గాని, డెనూవో (దొంగ కాపీలు ఆడకుండా వేసే తాళం) అని గాని పసుపు పెట్టెలో రాసి ఉంటుంది. ఆ పెట్టె చదవకుండా కొనవద్దు.

ఎన్ని లాంచర్లు ఎక్కిస్తే పీసీ అంత నెమ్మదిస్తుందన్న భయం నిజమే, కానీ దానికి మందు సులువు. టాస్క్ మేనేజర్లో స్టార్టప్ యాప్స్ తెరిచి ఆ లాంచర్లన్నింటినీ ఆపేయండి. ప్లేనైట్ అనే ఉచిత ప్రోగ్రామ్ అన్ని కొట్ల గేములనూ ఒకే జాబితాలో చూపిస్తుంది. "నా గేములన్నీ ఒక్కచోటే ఉండాలి" అనే పట్టుదలతో ఖరీదెక్కువ పెట్టేవాళ్లకు ఇది చాలు.

కీలు అమ్మే సైట్లు

రెండు వేల గేము మూడు వందలకే అని కీ (గేమును ఖాతాలో చేర్చే కోడ్) అమ్మే సైట్లు కొన్ని ఉన్నాయి. ఎవరెవరో కీలు తెచ్చి పెట్టే సంత అది. దొంగ కార్డులతో కొన్న కీలు కూడా వాటిలో కలుస్తాయి. కార్డు యజమాని ఫిర్యాదు చేయగానే కంపెనీ ఆ కీ రద్దు చేస్తుంది, గేము మీ లైబ్రరీలోంచి మాయమవుతుంది. ఇందుకూరుపేట కుర్రాడొకడికి ఇలాగే జరిగి, పీసీ పాడైందేమోనని నా దగ్గరికి మోసుకొచ్చాడు. కంపెనీల నుంచి నేరుగా కీలు తెచ్చే హంబుల్, ఫనాటికల్ లాంటివి వేరు, వాటిలో కొనవచ్చు. ఈజ్ దేర్ ఎనీ డీల్ జాబితాలో కనిపించేవి ఇలాంటి కొట్లే.

ఖాతా, ఇల్లు

ఖాతా పిల్లవాడి పేరున ఉన్నా, ఈమెయిలు పాస్‌వర్డు ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసి ఉండాలి. స్టీమ్ గార్డ్ (లాగిన్‌కు పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడ్ అడిగే రక్షణ) ఫోనులో పెట్టుకోండి. స్నేహితుడి పేరుతో "మా టీముకు ఓటు వెయ్యి", "పొరపాటున నీ మీద ఫిర్యాదు చేశాను" అంటూ వచ్చే లింకులన్నీ ఖాతా కాజేసే వలలే. కొత్త స్టీమ్ ఖాతాలో ఐదు డాలర్లకు సమానమైన మొత్తం ఖర్చు పెట్టేదాకా స్నేహితులకు ఆహ్వానం పంపే వీలుండదు. పాడైందని నాకు ఫోను చేయకండి.

తండ్రులకు ఒక మాట. గేముకు డబ్బు అనగానే రమ్మీ గుర్తొచ్చి కంగారు పడతారు. డబ్బు పందెం ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. ఇది ఆ బాపతు కాదు. ఎక్కువ గేములకు ఒకసారి డబ్బు కడితే అయిపోతుంది. కార్డు వివరాలు మాత్రం సైటులో దాచనివ్వకండి. పండగకో పుట్టినరోజుకో వాలెట్లో ఐదు వందలు వేసి, అదే వాడి బడ్జెట్ అనండి. ఏ సేల్ దాకా ఆగాలో వాడే నేర్చుకుంటాడు.

అన్నదమ్ములుంటే స్టీమ్ ఫ్యామిలీస్ వాడండి. ఆరుగురి దాకా ఒకరి గేములు ఒకరు ఆడుకోవచ్చు, కానీ ఒకే ఇంట్లో ఉండేవాళ్లకే అని నిబంధన. హాస్టల్ మిత్రులను చేర్చకండి. ఎవరైనా బయటికి వెళ్లిపోతే ఆ చోట్లోకి ఇంకొకరిని చేర్చుకోవడానికి ఏడాది దాకా ఆగాల్సి రావచ్చు. మీ గేములో వాళ్లు మోసం చేసి పట్టుబడితే వాళ్లతో పాటు మీకూ ఆ గేములో నిషేధం పడుతుంది.